బ్రేకులో కాలిపోయే పెట్రోలు: చవక హైబ్రిడ్‌ల లెక్క, రేపటి ఇంధనాల లెక్క

1,200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. ఎదురుగా ఎర్ర లైటు పడింది. గట్టిగా బ్రేకు తొక్కారు, ఆగింది. అంతవరకూ కారుకున్న చలనశక్తి మొత్తం బ్రేకు డిస్కుల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోయింది. లెక్కేస్తే అది 0.046 యూనిట్. కరెంటు మీటరు కొలిచే యూనిట్టే, అంటే కిలోవాట్-గంట. చూడ్డానికి గోరంత. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది గానీ, ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగేటప్పుడు మామూలు ఇంజిను అందులో ఐదో వంతే చక్రాలకు అందిస్తుంది. మిగతాది రేడియేటర్లోంచి, సైలెన్సర్లోంచి పోతుంది. అంటే లీటరుకు చేతికొచ్చేది 1.8 యూనిట్లు. ఆ లెక్కన ఒక్కసారి ఆగి మళ్లీ అదే వేగం అందుకోవడానికి 25 మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చు. అలా నలభై సార్లు ఆగితే లీటరు.

హైబ్రిడ్ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో చాలావరకు ఈ 25 మిల్లీలీటర్లలోనే ఉంది. ఒక మాట ముందే అనుకోవాలి. ప్లగ్ పెట్టి చార్జ్ చెయ్యని హైబ్రిడ్ ప్రత్యామ్నాయ ఇంధనంతో నడిచే బండి కాదు. అందులో కదిలే ప్రతి యూనిట్టూ పెట్రోలు ట్యాంకులోంచి వచ్చిందే. బ్యాటరీ అక్కడ పెట్రోలుకు బదులుగా లేదు. ఇప్పుడు మిగిలిన చిల్లరని పారెయ్యకుండా వేసుకుని, రెండు నిమిషాల తర్వాత తీసి వాడుకునే డబ్బాలాంటిది. అందుకే అది చిన్నదైనా చాలు. టొయోటా వారి హైబ్రిడ్ కారు ప్రియస్ రెండో తరంలో బ్యాటరీ మొత్తం సామర్థ్యం సుమారు 1.3 యూనిట్లు. అందులోనూ కంట్రోలర్ 40 నుంచి 80 శాతం మధ్యే ఆడిస్తుంది. పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చెయ్యదు. పదేళ్లు దాటినా ఆ బ్యాటరీలు బతికి ఉండటానికి పెద్ద కారణం ఈ పొదుపే.

ఇంజినుకు నచ్చే పని, నచ్చని పని

బ్రేకు తొక్కగానే హైబ్రిడ్‌లో మోటారు జనరేటరుగా మారి చక్రాలని పట్టుకుంటుంది, వచ్చిన కరెంటు బ్యాటరీకి వెళ్తుంది. జనరేటరులో కొంత, ఇన్వర్టరులో కొంత, బ్యాటరీలోకి వెళ్లేటప్పుడు కొంత, తిరిగి వచ్చేటప్పుడు ఇంకొంత పోగా, వందకు అరవై డెబ్భై వంతులు మళ్లీ చక్రాలకు చేరతాయి. గుర్తుంచుకోవాల్సిందేమిటంటే, హఠాత్తుగా బలంగా తొక్కితే మోటారు పట్టగలిగినదానికంటే ఎక్కువ శక్తి ఒక్కసారే వస్తుంది కాబట్టి మిగతాది డిస్కులకే పోతుంది. దూరం నుంచే మెల్లగా తొక్కినవాడికి ఎక్కువ తిరిగొస్తుంది. గంటకు పది కిలోమీటర్ల లోపు వేగంలో, బ్యాటరీ బాగా చల్లగా ఉన్నప్పుడు, లేదా నిండిపోయినప్పుడు ఈ రాబడి దాదాపు ఉండదు.

బ్రేకు సంగతి అందరికీ తెలుసు. అంతకంటే పెద్ద లాభం ఇంజిను లోపల ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. సమతలమైన రోడ్డు మీద నిలకడగా 40 కిలోమీటర్ల వేగంతో పోవడానికి చిన్న కారుకు కావాల్సింది అటూ ఇటూగా 3 కిలోవాట్లు. కానీ బానెట్ కింద ఉన్నది 70 కిలోవాట్ల ఇంజిను. అంత తక్కువ పని చెయ్యాలంటే థ్రాటిల్ రెక్క దాదాపు మూసుకోవాలి. పిస్టన్లు ఆ సన్నని సందులోంచి గాలి లాక్కోవడానికే బలం ఖర్చు పెట్టాలి. ముక్కు సగం మూసుకుని పరుగెత్తినట్టు. అలాంటప్పుడు ఇంజిను సామర్థ్యం 15, 20 శాతానికి పడిపోతుంది. అదే ఇంజిను తగిన బరువు మీద, మధ్యస్థ వేగంలో తిరిగితే 35 నుంచి 40 శాతం వస్తుంది. హైబ్రిడ్ చేసేదల్లా ఇంజినుని ఆ మంచి చోటే పని చేయించడం. కొద్దిపాటి బలం చాలినప్పుడు ఇంజినుని ఆర్పేసి మోటారుతో లాగిస్తుంది. ఇంజిను తిరగక తప్పదనుకున్నప్పుడు కావాల్సినదానికంటే కాస్త ఎక్కువే తిప్పించి, మిగిలింది డబ్బాలో వేసుకుంటుంది.

మూడోది అట్కిన్సన్ పద్ధతి. జేమ్స్ అట్కిన్సన్ 1882లో చేసిన ఇంజినులోని మూల ఆలోచనని ఇప్పుడు వాల్వు ఆలస్యంగా మూయడం ద్వారా సాధిస్తున్నారు. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకోవడంతో లోపలికొచ్చిన మిశ్రమంలో కొంత వెనక్కి వెళ్తుంది. నొక్కేది తక్కువ, మండాక వ్యాకోచించేది ఎక్కువ. ప్రతి చుక్క నుంచీ ఎక్కువ పని పిండుకోవచ్చు, కానీ తక్కువ వేగంలో లాగే బలం తగ్గుతుంది. మామూలు కారులో ఇలాంటి ఇంజిను పెడితే సిగ్నల్ దగ్గర కదలదని తిట్టుకుంటారు. హైబ్రిడ్‌లో ఆ లోటు మోటారు పూడుస్తుంది. నాలుగో తరం ప్రియస్ ఇంజిను 40 శాతం ఉష్ణ సామర్థ్యం అందుకుంది ఇలాగే.

ఇప్పుడు అదే కారుని హైవే మీద 100లో పెట్టండి. గాలి నిరోధంతో కలిపి సుమారు 13 కిలోవాట్లు కావాలి. ఇంజినుకు తగిన పనే దొరికింది, బ్రేకు తొక్కే పని లేదు. పై మూడు లాభాల్లో రెండు మాయం, అట్కిన్సన్ ఒక్కటే మిగిలింది. రోజూ హైవే మీదే తిరిగేవాళ్లు హైబ్రిడ్ కొని, అనుకున్న మైలేజి రాలేదని నిట్టూర్చడానికి కారణం బండిలో లోపం కాదు.

ఒక గేరు పెట్టెని దగ్గరగా చూస్తే

1997 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన ప్రియస్‌లోని గ్రహచక్రాల గేరు అమరిక ఇప్పటికీ చాలా హైబ్రిడ్లకు పునాది. మధ్యలో సన్ గేరు, చుట్టూ రింగు గేరు, రెండింటి మధ్య తిరిగే చిన్న గేర్లని మోసే క్యారియర్. సన్ గేరుకు మొదటి మోటారు-జనరేటరు, క్యారియర్‌కు ఇంజిను, రింగుకు రెండో మోటారు, దాంతోపాటు చక్రాలు. సన్ గేరుకు 30 పళ్లు, రింగుకు 78. దీన్నుంచి వచ్చే సూత్రం: జనరేటరు వేగం = 3.6 × ఇంజిను వేగం − 2.6 × రింగు వేగం.

కారు నిలకడగా పోతూ రింగు నిమిషానికి 2,000 సార్లు తిరుగుతోందనుకోండి. ఇంజిను ఆగి ఉంటే జనరేటరు వెనక్కి 5,200 తిరుగుతుంది. ఇంజిను 1,500కి లేస్తే జనరేటరు ముందుకి 200. ఇంజిను 2,500కి వెళ్తే 3,800. కారు వేగం మారలేదు, ఇంజిను వేగం మాత్రం కంప్యూటరు ఇష్టం. గేర్లు మార్చకుండానే లెక్కలేనన్ని గేర్లు దొరికాయి. క్లచ్చు లేదు, బెల్టు లేదు, టార్క్ కన్వర్టర్ లేదు, స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ కూడా లేదు. అరిగిపోయే సామాన్లు ఇన్ని లేకపోవడం వల్లే ఈ పెట్టెలు ఏళ్ల తరబడి మొరాయించకుండా నడుస్తాయి. హైబ్రిడ్ అంటే సంక్లిష్టం కాబట్టి త్వరగా పాడవుతుందనే భయానికి ఈ అమరికలో ఆధారం దొరకదు.

దీనికీ హద్దులున్నాయి. ఇంజిను ఆగి ఉండగా కారు వేగం పెరిగితే సన్ గేరు వైపు వెనక్కి తిరిగే వేగం విపరీతంగా పెరుగుతుంది. అందుకే రెండో తరం ప్రియస్ గంటకు 67 కిలోమీటర్లు దాటితే పెట్రోలు మండించకపోయినా ఇంజినుని తిప్పి తీరుతుంది. ఇంకోటి, ట్రాఫిక్‌లో న్యూట్రల్‌లో పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు మానుకోవాలి. న్యూట్రల్‌లో జనరేటరు పని చెయ్యదు కాబట్టి బ్యాటరీ చార్జ్ కాదు. ఏసీ మాత్రం దాన్ని తాగుతూనే ఉంటుంది. ఆగినప్పుడు డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టుకోవడమో, పార్క్‌లో పెట్టుకోవడమో సరైన పద్ధతి.

బానెట్ మీద హైబ్రిడ్ అని రాసుంటే

ఆ పేరు కింద మూడు రకాల బళ్లు అమ్ముతున్నారు. వాటి మధ్య తేడా తెలియకపోతే డబ్బు పోతుంది.

మైల్డ్ హైబ్రిడ్ అంటే ఆల్టర్నేటర్ చోట కాస్త పెద్ద మోటారు-జనరేటరు. 12 వోల్టులదైతే రెండు మూడు కిలోవాట్లు, 48 వోల్టులదైతే పది పదిహేను. 60 వోల్టుల డీసీ లోపు ఉంటే మనిషికి ప్రాణాపాయం తక్కువని ఖరీదైన ఇన్సులేషన్ ఏర్పాట్లు అక్కర్లేదు. 48ని ఎంచుకున్నది అందుకే. ఇంజినుని మెత్తగా ఆపి స్టార్ట్ చెయ్యడం, బయల్దేరేటప్పుడు కాస్త తొయ్యడం, బ్రేకులో కొద్దిగా దాచుకోవడం దీని పనులు. మోటారుతో మాత్రమే బండిని లాగలేదు. పొదుపు మామూలుగా పది శాతం లోపే. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనడం కాస్త కటువే గానీ, హైబ్రిడ్ అనే బ్యాడ్జి కోసం దీనికి ఎక్కువ ధర పెట్టకండి. కనిపెట్టడం తేలిక: టెస్ట్ డ్రైవ్‌లో ఏసీ వేసి 30 కిలోమీటర్ల వేగంలో నిలకడగా నడపండి. అరగంటలో ఒక్కసారైనా ఇంజిను పూర్తిగా ఆగి, బండి మోటారు మీద సాగకపోతే అది మైల్డే.

ఫుల్ హైబ్రిడ్, అంటే కొందరు స్ట్రాంగ్ అని అమ్మేది, పైన చెప్పిన పనులన్నీ చేస్తుంది. అందులో మళ్లీ దారులు వేరు. టొయోటాది గ్రహచక్రాల దారి. హ్యుందాయ్ ఇంజినుకీ గేరుబాక్సుకీ మధ్య ఒక మోటారు పెట్టి ఆరు గేర్ల డ్యుయల్ క్లచ్చు వాడింది. నిస్సాన్ 2016లో నోట్ కారులో పెట్టిన ఇ-పవర్‌లో ఇంజిను చక్రాలకు తగలనే తగలదు, జనరేటరుని తిప్పడమే దాని పని. ఊళ్లో అది హాయిగా ఉంటుంది. హైవే మీద ఇంజిను బలాన్ని కరెంటుగా, కరెంటుని మళ్లీ బలంగా మార్చడంలో పది పదిహేను శాతం పోతుంది. హోండా ఈ చిక్కుకి ఒక క్లచ్చుతో పరిష్కారం చూసింది. తక్కువ వేగంలో జనరేటరు పద్ధతి, హైవే వేగంలో క్లచ్చు పడి ఇంజిను నేరుగా చక్రాలకు. చిన్న కారుకు ఇది చక్కని పరిష్కారం.

మూడోది ప్లగ్-ఇన్, అంటే ప్లగ్ పెట్టి చార్జ్ చేసేది. దాని కథ తర్వాత.

చవకగా ఎలా చేశారు అన్నదానికి జవాబు: ఎక్కడ కోత పెట్టినా కొనేవాడికి తెలియని చోట పెట్టారు. 1999లో వచ్చిన మొదటి హోండా ఇన్‌సైట్ ఇంజినుకీ గేరుబాక్సుకీ మధ్య పల్చటి మోటారు ఒక్కటే పెట్టి, కారు బరువు తగ్గించి నెట్టుకొచ్చింది. తర్వాత టొయోటా 2011 చివర్లో ఆక్వా పేరుతో అదే గ్రహచక్రాల వ్యవస్థని చిన్నది చేసి చిన్న కారులో కూర్చింది. 2019 ఏప్రిల్‌లో టొయోటా విద్యుదీకరణకు చెందిన దాదాపు 24,000 పేటెంట్లని 2030 చివరిదాకా రాయల్టీ లేకుండా ఇస్తామంది. అది దానధర్మం మాత్రమే అనుకోనక్కర్లేదు. ఎక్కువమంది అదే మోటార్లు, ఇన్వర్టర్లు వాడితే విడిభాగాల ధర తనకూ తగ్గుతుంది.

ధర తేడాని లీటర్లలో కొలవండి

మైలేజి అంకెలు కళ్లని మోసం చేస్తాయి. లీటరుకు 10 ఇచ్చే బండి స్థానంలో 15 ఇచ్చేది వస్తే వెయ్యి కిలోమీటర్లకు 33 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చే దాని స్థానంలో 30 ఇచ్చేది వస్తే మిగిలేది 17 లీటర్లే. రెండోదే పెద్ద పెరుగుదలలా కనిపిస్తుంది, మిగిలేది సగం. అందుకే చిన్న కారుకి హైబ్రిడ్ జోడిస్తే పెట్టుబడి తిరిగి రావడం కష్టం, బరువైన కారుకి తేలిక.

లెక్క ఇలా వెయ్యండి. ఏడాదికి తిరిగే కిలోమీటర్లని రెండు మైలేజిలతోనూ భాగించి తేడా తియ్యండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, మామూలు కారు ఊళ్లో 15, హైబ్రిడ్ 23 అనుకుంటే 800 లీటర్లు ఒకపక్క, 522 మరోపక్క. మిగులు 278 లీటర్లు. రెండు కార్ల ధరల తేడాని పెట్రోలు ధరతో భాగించండి. అది 2,000 లీటర్లకు సమానమైతే ఏడేళ్ల పైమాట. ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగితే అదే తేడా మూడున్నరేళ్లలో తీరిపోతుంది. ట్యాక్సీ నడిపేవాళ్లు ఏ ప్రచారమూ లేకుండానే హైబ్రిడ్ల వైపు ఎందుకు జరిగారో ఈ భాగహారమే చెబుతుంది. ఇందులో కంపెనీ చెప్పిన మైలేజి వెయ్యకండి, మీ రోడ్డు మీద నడిపేవాళ్లకు వస్తున్నది వెయ్యండి.

సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్: భయపడాల్సింది వేరే

చవక హైబ్రిడ్ అంటే చాలామందికి వాడిన హైబ్రిడే. అందరూ పెద్ద బ్యాటరీ గురించే అడుగుతారు. బండి రోడ్డు మీద ఆగిపోయేది మాత్రం చాలాసార్లు చిన్న 12 వోల్టుల బ్యాటరీ వల్ల. పెద్ద బ్యాటరీని బయటి సర్క్యూట్‌కి కలిపే రిలేలు ఈ 12 వోల్టులతోనే మూసుకోవాలి. ఇది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ‘రెడీ’ లైటు వెలగదు. రాత్రంతా ఆపిన కారులో మల్టీమీటరు పెట్టి చూస్తే 12.6 వోల్టులు కనబడాలి. 12.2 లోపు ఉంటే మార్చే రోజు దగ్గరపడింది. రెడీలో పెట్టాక 14 దరిదాపుల్లో లేకపోతే అనుమానించాల్సింది, పెద్ద బ్యాటరీ నుంచి దీన్ని చార్జ్ చేసే డీసీ-డీసీ కన్వర్టర్‌ని. కొన్ని కార్లలో ఈ బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, డిక్కీ తలుపు కరెంటుతో తెరుచుకుంటుంది. బ్యాటరీ చచ్చాక డిక్కీ తెరవలేక జుట్టు పీక్కుంటారు. బానెట్ కింద ఫ్యూజు పెట్టెలో జంప్ చెయ్యడానికి ఒక పాయింటు ఇస్తారు, అది వాడాలి. కేబుళ్లు తారుమారు చేస్తే మాత్రం ఒక్క క్షణంలో కన్వర్టరు కాలిపోతుంది. మార్చేటప్పుడు క్యాబిన్‌లో ఉండే బ్యాటరీకి బదులు మామూలు యాసిడ్ బ్యాటరీ పెట్టించకండి. యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉండే ఏజీఎమ్ రకమే, గాలి గొట్టంతో సహా పెట్టాలి.

పెద్ద బ్యాటరీని చంపేది వాడకం కంటే వేడి. పాత నికెల్-మెటల్ హైడ్రైడ్ ప్యాకులకు క్యాబిన్ గాలే చలువ. వెనక సీటు పక్కన గ్రిల్లు ఉంటుంది. దుమ్ము, పెంపుడు జంతువుల వెంట్రుకలు అందులో పేరుకుంటే ఫ్యాను మోత పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. 20,000 కిలోమీటర్లకోసారి గ్రిల్లు విప్పి, ఫిల్టరు ఉంటే తీసి, మెత్తటి బ్రష్షుతో, వాక్యూమ్‌తో శుభ్రం చెయ్యడం పది నిమిషాల పని. దాని మీద సామాను పెట్టి మూసెయ్యకండి.

కొనేముందు పరీక్ష: ఇరవై నిమిషాలు ఎక్కీ దిగీ ఉన్న దారిలో నడిపి బ్యాటరీ గీతలు చూడండి. ఆరోగ్యంగా ఉన్నది నెమ్మదిగా కదులుతుంది. నిమిషాల్లో నిండి నిమిషాల్లో ఖాళీ అవుతుంటే సామర్థ్యం చచ్చిందని అర్థం. కారు కంప్యూటరులోని వివరాలు చదివే ఓబీడీ స్కానరు పెడితే బ్లాకుల వోల్టేజీలు విడివిడిగా కనిపిస్తాయి. రెండో తరం ప్రియస్‌లో 28 మాడ్యూళ్లు జంటలుగా 14 బ్లాకులు. నిలబడి ఉన్నప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి, మోసపోవద్దు. గట్టిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక బ్లాకు మిగతా వాటికంటే ఎక్కువ కుంగితే, బ్రేకు తొక్కినప్పుడు అదే బ్లాకు ఎక్కువ ఎగిరితే, రోగి దొరికినట్టే. పెద్ద బ్యాటరీ మార్చాలని చెప్పే పి0ఎ80 కోడ్ అప్పటికి రాకపోయినా దారిలో ఉంది.

ఇక్కడే చవక మరమ్మతు ఉచ్చు ఉంది. పాడైన ఒక్క మాడ్యూలు తీసి, ఎక్కడో పాత ప్యాకులోంచి తీసిన ఇంకోటి పెట్టి, కోడ్ చెరిపి ఇస్తారు. మాడ్యూళ్లన్నీ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి అన్నింటిలోంచీ ఒకే కరెంటు పోవాలి. ఇరవై ఏడుగురు ముసలివాళ్లతో ఒక కుర్రాణ్ణి కలిపి పరుగెత్తించినట్టు. కొన్ని నెలల్లో ముసలివాటిలో ఇంకోటి పడిపోతుంది. చేయిస్తే మొత్తం సెట్టు మార్పించడం, మాడ్యూళ్లని కలిపే రాగి బస్ బార్ల మీద పచ్చని తుప్పుని శుభ్రం చేయించడం మేలు. ఒక్కోసారి ఆ తుప్పే అసలు రోగం, మాడ్యూలు కాదు.

ఎక్కువ వోల్టేజి మోసే నారింజ రంగు కేబుళ్లున్న చోట ఇంటి పనిముట్లతో చెయ్యి పెట్టకూడదు. పెద్ద బ్యాటరీని విడగొట్టే సర్వీస్ ప్లగ్ లాగాక కూడా ఇన్వర్టరు కెపాసిటర్లు ఖాళీ కావడానికి పది నిమిషాలు ఆగుతారు. 1,000 వోల్టుల దాకా పని చెయ్యడానికి తగిన చేతితొడుగులు లేకుండా పని మొదలుపెట్టే మెకానిక్ దగ్గర బండి వదలకండి.

మిగతావి క్లుప్తంగా. బ్రేకు ప్యాడ్లు లక్ష కిలోమీటర్లు దాటి వస్తాయి, కానీ వాడకం తక్కువై క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి, డిస్కులు తుప్పు పడతాయి. ఏడాదికోసారి విప్పి గ్రీజు పెట్టించాలి. బ్రేకు తొక్కకపోయినా కొన్ని సెకన్లకోసారి పంపు గుయ్యిమంటుంటే బ్రేకు ఒత్తిడి పుట్టించే యాక్యుయేటర్‌లో లీకు, అది ఖరీదైన పని. ఇన్వర్టరుకి వేరే కూలెంటు, వేరే పంపు ఉంటాయి. కూలెంటు ట్యాంకులో కదలిక కనిపించాలి. మూడో తరం ప్రియస్ 1.8 లీటర్ల ఇంజినులో, పొగలో కొంత మళ్లీ లోపలికి పంపే ఈజీఆర్ వ్యవస్థలోని కూలరు మసితో పూడుకుపోయి, హెడ్ గాస్కెట్ పోయి, ఉదయం మొదటి స్టార్టులో కారు గడగడ వణకడం మెకానిక్‌లకు బాగా పరిచయం. కాబట్టి చూడబోయే కారుని ముందే వేడి చేసి ఉంచొద్దని అమ్మేవాళ్లకు చెప్పండి.

పెట్రోలు తర్వాత ఏమిటి

మొదట వేసుకున్న లెక్కనే ఇక్కడా పట్టుకుందాం: మూలంలో ఒక యూనిట్ శక్తి పెడితే చక్రం దగ్గర ఎంత మిగిలింది?

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కాగితం మీద అన్నింటికంటే తెలివైనది. 10, 20 యూనిట్ల బ్యాటరీతో రోజువారీ తిరుగుడు కరెంటు మీద, దూరాలకు పెట్రోలు. చిక్కు ప్లగ్గులో ఉంది. 2021లో రిజిస్టరైన కార్ల అసలు వాడకం లెక్కలని యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెట్టినప్పుడు, ప్లగ్-ఇన్‌లు రోడ్డు మీద వదిలిన కార్బన్ డయాక్సైడ్ పరీక్షలో చూపినదానికి సగటున 3.5 రెట్లని తేలింది. మామూలు పెట్రోలు కార్లకు ఆ తేడా పావు వంతు లోపే. పరీక్ష రోజూ చార్జ్ చేస్తారని అనుకుంది, జనం చెయ్యలేదు. ప్లగ్ పెట్టని ప్లగ్-ఇన్ అదనపు బ్యాటరీ బరువుని ఊరికే మోసుకు తిరిగే పెట్రోలు కారు. రాత్రి నిలిపే చోట సాకెట్ లేకపోతే దీని జోలికి వెళ్లకుండా ఫుల్ హైబ్రిడ్ కొనుక్కోవడం నయం.

ఇథనాల్‌లో లీటరుకు ఉన్న శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులు. 20 శాతం కలిపిన పెట్రోలులో దాదాపు 7 శాతం శక్తి తక్కువ, మైలేజి దాన్ని అనుసరించి తగ్గుతుంది. ఆక్టేన్ (నొక్కినప్పుడు ముందే పేలిపోకుండా తట్టుకునే గుణం) ఎక్కువ కాబట్టి కంప్రెషన్ పెంచిన ఇంజిను కొంత తిరిగి రాబట్టుకోగలదు, పాత ఇంజిను రాబట్టలేదు. పెట్రోలుకి 14.7 వంతుల గాలి కావాలి, శుద్ధ ఇథనాల్‌కి 9 చాలు. అంటే ఇంజెక్టర్లు బాగా ఎక్కువ ఇంధనం చిమ్మగలగాలి. నీటిని పీల్చుకునే గుణం వల్ల ఎక్కువకాలం ఆపిన బండి ట్యాంకులో నీరు-ఇథనాల్ పొర అడుగున చేరుతుంది, తగని రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి. ఇవన్నీ పరిష్కారం ఉన్నవే. బ్రెజిల్ 1975లో ఇథనాల్ కార్యక్రమం మొదలుపెట్టి, 2003లో ఏ నిష్పత్తిలో పోసినా నడిచే కార్లు తెచ్చి, 2019లో అదే ఇంజినుని హైబ్రిడ్‌తో కలిపిన కొరోల్లాని రోడ్డెక్కించింది. చెరకు పండే చోట ఈ జత పనికొస్తుంది. ఆహార పంటలు, నీళ్లు మళ్లించి చెయ్యాల్సి వస్తే లెక్క తిరగబడుతుంది.

సీఎన్‌జీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 200 బార్ ఒత్తిడిలో కూడా లీటరు చోటులో పెట్రోలు శక్తిలో పావు వంతే పడుతుంది, డిక్కీ పోతుంది. పొగలో కార్బన్ డయాక్సైడ్ నాలుగో వంతు దాకా తగ్గుతుంది. కాకపోతే గొట్టాల్లో, పంపుల్లో మీథేన్ లీకైతే ఇరవయ్యేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్ల వేడి పట్టుకునే వాయువు కాబట్టి, కొద్ది లీకు ఆ లాభాన్ని తినేస్తుంది.

హైడ్రోజన్ దగ్గర ఆగి అంకెలు చూడాలి. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తియ్యడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు. దాన్ని 700 బార్‌కి నొక్కి, పంపు దగ్గర మైనస్ 40 డిగ్రీలకు చల్లబరచడానికి ఇంకొన్ని. హైడ్రోజన్‌ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు చేసుకునే ఫ్యూయెల్ సెల్ కారు ఆ కిలోతో 100 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తుంది. అదే దూరానికి బ్యాటరీ కారు సాకెట్ నుంచి తీసుకునేది 15 నుంచి 18 యూనిట్లు. మూడు రెట్ల తేడా. టెక్నాలజీ ఎంత మెరుగైనా ఈ అంతరం పూర్తిగా పూడదు, ఎందుకంటే నీటిని విడగొట్టి మళ్లీ కలపడంలో పోయేది భౌతికశాస్త్రం వసూలు చేసే పన్ను. 2014 చివర్లో టొయోటా హైడ్రోజన్ కారు మిరాయ్ వచ్చాక కూడా పంపులు అందరికీ అందేంతగా రాలేదు సరికదా, షెల్ 2024లో కాలిఫోర్నియాలో కార్ల హైడ్రోజన్ స్టేషన్లని మూసేసింది. బరువు లారీలకో, ఉక్కు కర్మాగారాలకో హైడ్రోజన్ పనికి రావచ్చు. చవక కారుకి మాత్రం రాదనే అనుకోవాలి.

కృత్రిమ పెట్రోలుది ఇంకా కష్టం. ఆ హైడ్రోజన్‌కే కార్బన్ డయాక్సైడ్ కలిపి ద్రవంగా మార్చి, దాన్ని మళ్లీ ఇంజినులో మండిస్తే మూలంలోని యూనిట్‌లో చక్రానికి చేరేది ఆరో ఏడో వంతు. చిలీ దక్షిణాన గాలి జోరుగా వీచే చోట హారు ఓని అనే ప్రయోగ కర్మాగారం 2022 డిసెంబరులో మొదలైంది. పాత కార్లకు, రేసులకు అది ముచ్చట. ఒకవేళ అలాంటి ఖరీదైన పెట్రోలే మిగిలే రోజు వస్తే, దాన్ని పొదుపుగా వాడే ఫుల్ హైబ్రిడ్‌లోనే పోస్తారు.

బ్యాటరీ కారుతో హైబ్రిడ్‌ని పోల్చే వాదన ఒకటి తరచూ వినిపిస్తుంది. 60 యూనిట్ల కారు బ్యాటరీతో 1.3 యూనిట్ల హైబ్రిడ్లు 46 చెయ్యొచ్చు. ఒక కారు 800 లీటర్లు ఆదా చేసే చోట 46 కార్లు తలా 278 లీటర్లు ఆదా చేస్తే పన్నెండు వేల లీటర్ల పైచిలుకు. అంకెలు తప్పు కాదు. కానీ ప్రపంచంలో బ్యాటరీలు ఇన్నే ఉంటాయని అనుకున్నప్పుడే ఈ వాదన నిలబడుతుంది. 2010లో యూనిట్ సామర్థ్యానికి వెయ్యి డాలర్ల పైన ఉన్న లిథియం ప్యాకు సగటు ధర 2024కి సుమారు 115 డాలర్లకు దిగింది. నికెల్, కోబాల్ట్ లేని ఎల్‌ఎఫ్‌పి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ చిన్న కార్లలోకి వచ్చేశాయి. కొరత ఉన్న రోజుల్లో గెలిచిన వాదన, ధర పడిపోయే కొద్దీ పలచబడుతుంది.

ఈ రెండింటి మధ్య పెరుగుతున్నది రేంజ్ ఎక్స్‌టెండర్. బ్యాటరీ కాస్త పెద్దది, నడిపేది ఎప్పుడూ మోటారే, చిన్న ఇంజిను ఒకే మంచి వేగంలో తిరిగి కరెంటు పుట్టిస్తుంది. చైనాలో ఈ తరహా బళ్లు జోరుగా అమ్ముడవుతున్నాయి. ఇంజినుకు రకరకాల వేగాల్లో పని చెయ్యాల్సిన బాధ తప్పాక దాని సామర్థ్యాన్ని ఎంత పెంచవచ్చో చైనా కంపెనీ బీవైడీ చూపించింది: తన ప్లగ్-ఇన్‌లలోని ఇంజినులకు 2021లో 43 శాతం, 2024లో 46 శాతం ప్రకటించింది. గేరుబాక్సు ఖర్చు పోతుంది, బ్యాటరీ ఖర్చు పూర్తి విద్యుత్ కారులో సగమో మూడో వంతో అవుతుంది. చవక కారుకి వచ్చే పదేళ్లలో బలమైన దారి ఇదే అనిపిస్తోంది.

దీనికి వచ్చే రోగం కూడా కొత్తదే. రోజూ చార్జ్ చేసుకునేవారి ఇంజిను నెలల తరబడి తిరగదు. సిలిండరు గోడల మీద ఆయిలు జారిపోతుంది, ట్యాంకులోని పెట్రోలు తేలికపాటి భాగాలు ఆవిరై జిగురుగా మారుతుంది. 2010లో వచ్చిన షెవ్రొలె వోల్ట్ దీనికి విచిత్రమైన మందు కనిపెట్టింది. ఇంజిను ఆరు వారాలు స్టార్ట్ కాకపోతే కారే దాన్ని కాసేపు తిప్పుతుంది. ట్యాంకులో పెట్రోలు ఏడాది పాతబడితే, బ్యాటరీ నిండుగా ఉన్నా సరే, ఆ పెట్రోలు అయిపోయేదాకా ఇంజిను మీదే నడుస్తుంది.